కొత్త మ్యాక్ వస్తోందంటే ఆగాలా? రిచీ స్ట్రీట్ నుంచి ఒక లెక్క

చెన్నై మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్ తెలుగువాళ్లకు కొత్త కాదు. సూళ్లూరుపేట, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి, సాయంత్రానికి కంప్యూటర్ కొనుక్కుని తిరిగి వెళ్లడం చాలా ఇళ్లలో ఏళ్లనాటి అలవాటు. ఈ 2026 జనవరిలో మ్యాక్ కొనాలనుకుని వచ్చినవాళ్లను మాత్రం ఒక ప్రశ్న వదలడం లేదు. యాపిల్ సంస్థ 2025 అక్టోబరు 15న ఎం5 చిప్‌ను ప్రకటించింది. ల్యాప్‌టాప్‌లలో అది ఒక్క 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకే వచ్చింది. ఎయిర్ ల్యాప్‌టాప్, మినీ, ఐమ్యాక్ డెస్క్‌టాప్‌లు ఇంకా ఎం4తోనే ఉన్నాయి. పెద్ద పనులకు వాడే ఎం5 ప్రో, ఎం5 మ్యాక్స్ చిప్‌ల ఊసే లేదు. లక్ష రూపాయలు పెట్టి ఇప్పుడు కొంటే రెండు నెలల్లో అది పాత మోడల్ అయిపోతుందేమో అన్నది టెన్షన్. ఆగితే ధర తగ్గుతుందన్నది ఆశ.

క్లుప్తంగా

ఎయిర్‌లో ఎం5 వసంతకాలంలో రావచ్చన్న అంచనాకు గట్టి ఆధారాలే ఉన్నాయి. అయితే అది చిప్ మార్పే తప్ప కొత్త యంత్రం కాదు. ఆగితే ధర తగ్గుతుందన్న పాత సూత్రం మెమరీ చిప్‌లు ఏటా చవకయ్యే రోజులకు సరిపోయింది. 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరుగుతున్నాయి, రూపాయి డాలరుకు 90 దాటింది. అందువల్ల ఈసారి సాధారణ వాడకందారు ఆగి సంపాదించేది తక్కువ. పెద్ద చిప్‌లు అవసరమైన వీడియో, సౌండ్ పనివాళ్లకు మాత్రం ఆగడంలో అర్థముంది.

క్యాలెండర్ చెప్పేది కొంతే

మ్యాక్ ఏటా ఒకే నెలలో మారుతుందని చాలామంది అనుకుంటారు. ఐఫోన్ సెప్టెంబరులో వస్తుంది కాబట్టి పుట్టిన ఊహ ఇది. ఒక్కో మోడల్ చరిత్ర విడిగా చూస్తే ఈ ఊహ నిలవదు.

యాపిల్ సొంత చిప్‌లతో మొదటి మ్యాక్‌లను 2020 నవంబరులో తెచ్చింది. ఎం1తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ తర్వాత ఎం2 ఎయిర్‌ను ప్రకటించడానికి 19 నెలలు పట్టింది. అక్కణ్నుంచి ఎం3 ఎయిర్‌కు 21 నెలలు. ఎం4 ఎయిర్ మాత్రం సరిగ్గా 12 నెలలకే, 2025 మార్చిలో వచ్చింది. ఎయిర్ మార్చి నెలలో వరుసగా రెండుసార్లు రావడం వల్లే మూడోసారీ మార్చే అన్న నమ్మకం బలపడింది. రెండు బిందువులను కలిపి గీసిన గీత అది. కొట్టిపారేయలేం, పూర్తిగా నమ్మనూలేం.

ఐమ్యాక్ కథ ఇంకా విచిత్రం. 2021 ఏప్రిల్‌లో ఎం1తో వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్, ఎం2 తరాన్ని మొత్తంగా దాటేసి, 30 నెలల తర్వాత 2023 అక్టోబరులో ఎం3తో కనిపించింది. ఎం2 ఐమ్యాక్ కోసం రెండేళ్లు ఎదురుచూసినవాళ్లకు అది రానేలేదు. మ్యాక్ మినీ అదే పని ఎం3తో చేసింది. 2023 జనవరిలో ఎం2, 2024 అక్టోబరులో నేరుగా ఎం4. ఎం3 మినీ అన్న వస్తువే లేదు. అంటే కొత్త చిప్ వచ్చినంత మాత్రాన ప్రతి మోడల్‌కూ అది చేరుతుందన్న హామీ లేదు.

పెద్ద మ్యాక్‌బుక్ ప్రోల లెక్క మరోలా ఉంది. ప్రో, మ్యాక్స్ చిప్‌లతో అవి 2021 అక్టోబరులో మొదలయ్యాయి. తర్వాతి మార్పులు 15 నెలలకు, 9 నెలలకు, 12 నెలలకు జరిగాయి. 2023, 2024 అక్టోబర్లలో చిన్న చిప్, పెద్ద చిప్‌లు కలిసే వచ్చాయి. 2025 అక్టోబరులో చిన్నది ఒక్కటే వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో కనిపిస్తున్న అయోమయానికి మూలం ఇక్కడే ఉంది.

చిప్ తయారీలోనే అసలు గడియారం

తేదీలు యాపిల్ ఇష్టం ఒక్కదాని మీదే నడవవు. మ్యాక్ చిప్‌లన్నీ తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. ఎం1, ఎం2 అక్కడి 5 నానోమీటర్ల పద్ధతి మీద తయారైనవి (ఈ అంకె తగ్గేకొద్దీ పద్ధతి కొత్తదని అర్థం). ఎం3 నుంచి ఎం5 దాకా 3 నానోమీటర్ల పద్ధతిలోనే మూడు రకాలు. ఎం3కి వాడిన మొదటి రకం ఖరీదైనది, అందులో పాడయ్యే చిప్‌లూ ఎక్కువే. టీఎస్‌ఎంసీ దాన్ని సరళం చేసి రెండో రకం సిద్ధం చేయగానే యాపిల్ అటు మారిపోయింది. అందుకే 2023 అక్టోబరు చివర్లో ఎం3 వస్తే, ఆరు నెలలు దాటగానే 2024 మేలో ఎం4 వచ్చేసింది. అదీ మ్యాక్‌లో కాదు, ఐప్యాడ్ ప్రోలో. ఎం3 మ్యాక్‌లు కొన్నవాళ్లకు అప్పట్లో అది బాధగానే అనిపించింది. ఫ్యాక్టరీ వైపు నుంచి చూస్తే మాత్రం అది తప్పనిసరి నిర్ణయం.

పెద్ద చిప్‌లు ఆలస్యం కావడానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది. గుండ్రటి సిలికాన్ పలక మీద చిప్‌లను అచ్చు వేస్తారు. పలక మీద అక్కడక్కడా లోపాలు తప్పవు. దోసె పిండిలో పడ్డ చిన్న రాళ్లలా అనుకోవచ్చు. పిండితో చిన్న చిన్న అట్లు పోస్తే ఒకటో రెండో పాడవుతాయి. అదే పిండిని నాలుగే పెద్ద అట్లుగా పోస్తే దాదాపు ప్రతిదాంట్లో ఒక రాయి తగులుతుంది. ఎం3లో 2,500 కోట్ల ట్రాన్సిస్టర్లు (అతిచిన్న స్విచ్‌లు) ఉంటే ఎం3 మ్యాక్స్‌లో 9,200 కోట్లు ఉన్నాయి. చిప్ పెద్దదయ్యేకొద్దీ మంచివి దక్కే శాతం పడిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. తయారీ పద్ధతి కుదురుకునేదాకా ఆగడం సంస్థకు లాభం.

ఇంకో మెట్టు పైన ఉన్న అల్ట్రా చిప్ అయితే రెండు మ్యాక్స్ చిప్‌లను అతికించి చేసేది. 2025 మార్చిలో మ్యాక్ స్టూడియో అనే ఖరీదైన డెస్క్‌టాప్ కొత్తగా వచ్చినప్పుడు కింది మోడల్‌కు ఎం4 మ్యాక్స్, పై మోడల్‌కు ఎం3 అల్ట్రా పెట్టారు. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు ముందు తరం చిప్ దక్కింది. ప్రతి తరానికీ అల్ట్రా ఉండదని యాపిల్ అప్పుడే చెప్పింది. పేరులో అంకె పెద్దదైతే యంత్రం గొప్పదన్న లెక్క అక్కడే చెదిరిపోయింది.

టీఎస్‌ఎంసీ 2 నానోమీటర్ల పద్ధతిలో భారీ ఉత్పత్తిని 2025 చివరి త్రైమాసికంలో మొదలుపెట్టింది. దాని ఫలితం ముందు ఐఫోన్ చిప్‌లో, ఆ తర్వాత ఎం6 తరంలో కనిపిస్తుందన్నది సహేతుకమైన అంచనా. కరెంటు వాడకంలో, వేగంలో చెప్పుకోదగ్గ దూకుడు అప్పుడే రావచ్చు. ఎం4 నుంచి ఎం5కి మారడం ఒకే ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి మారడం లాంటిది.

తిరువణ్ణామలైలో పెరిగిన ఆస్‌బోర్న్

యాపిల్ ముందే తేదీ చెప్పేస్తే ఈ గొడవ ఉండదు కదా అన్నది సహజమైన ప్రశ్న. ఎందుకు చెప్పదో అర్థం కావాలంటే చెన్నై నుంచి సుమారు 190 కిలోమీటర్ల దూరంలోని తిరువణ్ణామలై దాకా వెళ్లాలి.

ఆడమ్ ఆస్‌బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడమ్ బాల్యం అరుణాచలం నీడలో గడిచింది. పెద్దయ్యాక అమెరికా చేరి 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ తెచ్చాడు. బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. చేత్తో పట్టుకుని మోసుకెళ్లగలిగే కంప్యూటర్లలో వ్యాపారపరంగా గెలిచిన మొదటిది అదే. 1983 ఆరంభంలో అంతకంటే మెరుగైన మోడల్ గురించి కంపెనీ ముందుగానే మాట్లాడింది. కొత్తది వస్తుంటే పాతది ఎందుకని డీలర్లు ఆర్డర్లు ఆపేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. ముందే చెప్పి చేతిలో ఉన్న సరుకు అమ్మకాన్ని చంపుకోవడాన్ని వ్యాపార ప్రపంచం ఇప్పటికీ ఆస్‌బోర్న్ పేరుతోనే పిలుస్తోంది. ఆయన చివరి రోజులు కొడైకెనాల్‌లో గడిచాయి, 2003లో అక్కడే కన్నుమూశాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆ పతనానికి ముందస్తు ప్రకటన ఒక్కటే కారణం కాదు. అదే 1,795 డాలర్లకు 9 అంగుళాల తెరతో కేప్రో అనే పోటీ యంత్రం 1982లోనే మార్కెట్లోకి దిగింది. కంపెనీ లెక్కల నిర్వహణలోనూ లోపాలున్నాయి. ఆ ఒక్క తప్పుకే ఆయన పేరును ముడిపెట్టడం అన్యాయమనే చరిత్రకారులు ఉన్నారు, వాళ్ల వాదనలో బలముంది. అయినా కంప్యూటర్ కంపెనీలన్నీ నేర్చుకున్న పాఠం ఒకటే. అమ్మకానికి సిద్ధమయ్యేదాకా నోరు విప్పకూడదు.

తేదీ కొంచెం జరిగితే అమ్మకాలు ఎంత ఊగుతాయో యాపిల్ సొంత లెక్కల్లోనే కనిపిస్తుంది. కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు వచ్చిన 2021 అక్టోబరు–డిసెంబరు మధ్య మ్యాక్‌ల మీద వచ్చిన ఆదాయం 1,085 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది అవే నెలల్లో కొత్త ప్రోలు లేవు, అవి జనవరికి జరిగాయి. ఆదాయం 774 కోట్ల డాలర్లకు పడింది. కోవిడ్ తర్వాత కంప్యూటర్లకు గిరాకీ తగ్గడం కూడా అందులో ఒక భాగమే. కానీ ముందటేడు కొత్త మోడళ్లు ఉండటం వల్ల పోలిక కష్టమైందని సంస్థ ముందే హెచ్చరించింది.

పుకార్లకు ఆనవాళ్లు ఎక్కడ దొరుకుతాయి

రహస్యం ఎంత దాచినా కొన్ని కాగితాలు బయటపడక తప్పదు. ల్యాప్‌టాప్ అమ్మాలంటే మన దేశంలో ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు తప్పనిసరి. వైర్‌లెస్ పరికరాలకు అమెరికాలో కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. ఈ జాబితాల్లో కొత్త మోడల్ నంబర్ కనిపిస్తే విడుదల దగ్గర పడిందని అర్థం. పరీక్ష కోసం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఇంకా రాని యంత్రాల గుర్తులు దొరకడం మరో దారి. ఆర్డర్ చేస్తే రోజుల్లో వచ్చే మోడల్‌కు హఠాత్తుగా వారాల గడువు చూపించడం ఇంకోటి. అయితే ఈ చివరి గుర్తు ఈ ఏడాది అంతగా పనికిరాదు. మెమరీ కొరత వల్ల కూడా గడువులు జరగవచ్చు.

ఒక్కోసారి సరుకే ముందు బయటికొస్తుంది. 2024 అక్టోబరులో ప్రకటనకు వారాల ముందే ఎం4 మ్యాక్‌బుక్ ప్రో పెట్టెలను రష్యా యూట్యూబర్లు విప్పి చూపించారు. ఇలాంటివి అరుదు. మిగతావన్నీ విడిభాగాల సరఫరాదారుల నుంచి కారి వచ్చే మాటలే. ఆ మాటలు వస్తువు విషయంలో సాధారణంగా నిజమవుతాయి, సమయం విషయంలో తప్పుతాయి. ఫ్యాక్టరీలో అచ్చు తయారైందంటే వస్తువు ఉన్నట్టే. ఏ నెలలో అమ్మాలన్నది మాత్రం చివరిదాకా మారగల నిర్ణయం.

చెన్నైలో ధర ఎలా తయారవుతుంది

శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారవుతున్నాయి కాబట్టి రేపు మ్యాక్‌లూ అక్కడే చేసి చవకగా ఇస్తారన్న మాట తరచూ వినపడుతుంది. ఇందులో ఒక పొరపాటు ఉంది. బయటి నుంచి తెచ్చే మొబైల్ ఫోన్ల మీద కస్టమ్స్ సుంకం ఉంటుంది. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని 20 శాతం నుంచి 15కి తగ్గించారు. ఇక్కడే చేస్తే ఆ సుంకం మిగులుతుంది. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. అంతర్జాతీయ ఒప్పందం వల్ల వాటి మీద మూల కస్టమ్స్ సుంకం సున్నా. చైనా, వియత్నాంల నుంచి వచ్చే మ్యాక్‌కు పడేది 18 శాతం జీఎస్టీ మాత్రమే, ఇక్కడ తయారైన ల్యాప్‌టాప్‌కూ అదే పడుతుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18 శాతానికి దిగాయి. ల్యాప్‌టాప్‌లు ముందే 18లో ఉన్నాయి కాబట్టి వాటికి తేడా రాలేదు. అందువల్ల మ్యాక్ ఇక్కడ తయారైనా పన్ను రూపంలో తగ్గేది ఏమీ లేదు.

ధరను నిజంగా కదిలించేది రూపాయి. లెక్క ఇలా వేసుకోవచ్చు. ఎం4 ఎయిర్ అమెరికా ధర పన్ను లేకుండా 999 డాలర్లు. 2025 మార్చిలో డాలరు సుమారు 87 రూపాయలు. రూపాయల్లో లెక్కేస్తే 86,900, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,02,500. యాపిల్ ఇక్కడ పెట్టిన ధర 99,900. అంటే నేరుగా మార్చిన ధర కంటే తక్కువకే ఇచ్చారు. లక్ష లోపు కనపడాలన్న పట్టుదల అందులో ఉంది. ఇప్పుడు డాలరు 90 దాటింది. అదే 999 డాలర్ల యంత్రం లెక్క ప్రకారం 1,06,000 అవుతుంది. ఎం5 ఎయిర్ అమెరికాలో పాత ధరకే వచ్చినా ఇక్కడ 99,900 నిలబెట్టాలంటే సంస్థ మరికొంత తన జేబులోంచి వదులుకోవాలి.

కొత్తది వస్తే పాతది తగ్గుతుందన్న మాట కూడా ప్రతిసారీ నిజం కాలేదు. ఎం1 ఎయిర్ 2020లో 92,900 రూపాయలకు వచ్చింది. 2022 జూన్‌లో ఎం2 ఎయిర్ 1,19,900కు రాగానే, అమ్మకంలో ఉంచిన పాత ఎం1 ధరను 99,900కు పెంచారు. ఏడాదిన్నర పాత యంత్రం ఏడు వేలు ఖరీదెక్కింది. రూపాయి పడిపోవడం అప్పుడూ ఒక కారణమే. ఆ జూన్‌లో తగ్గింపు కోసం ఆగినవాళ్లు నష్టపోయారు.

మరి తగ్గింపు ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరు హెబ్బాళలో 2025 సెప్టెంబరులో యాపిల్ సొంత స్టోర్ తెరిచింది. చెన్నైలో ఇంకా రీసెల్లర్ల (యాపిల్ సరుకు తెచ్చి అమ్మే ఇతర వ్యాపారుల) దుకాణాలే దిక్కు. ఒక రకంగా అది కొనేవాళ్లకు మంచిదే. కొత్త మోడల్ రాగానే సంస్థ తన వెబ్‌సైట్‌లోంచి పాతదాన్ని సాధారణంగా అదే రోజు తీసేస్తుంది. రీసెల్లర్ దగ్గర స్టాక్ మిగిలి ఉంటుంది. చెన్నైలోనే ప్రధాన కార్యాలయం ఉన్న రెడింగ్టన్ లాంటి పెద్ద డిస్ట్రిబ్యూటర్ల నుంచి ఆ సరుకు దుకాణాలకు చేరుతుంది. ధర తగ్గినప్పుడు స్టాక్ మీద పడే నష్టాన్ని తయారీ సంస్థ కొంత భర్తీ చేయడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ భర్తీ, బ్యాంకు కార్డు ఆఫర్, పాత ల్యాప్‌టాప్ మార్పిడి కలిస్తేనే బోర్డు మీద పెద్ద అంకె కనిపిస్తుంది. ఆ అవకాశం సాధారణంగా కొన్ని వారాలే, అదీ బేస్ మోడల్‌కే. 24 జీబీ మెమరీతో ప్రత్యేకంగా తెప్పించుకునే రకాలు దుకాణంలో నిల్వ ఉండేది తక్కువ. వాటికి క్లియరెన్స్ అనేది దాదాపు ఉండదు.

తెలుగునాట ఆషాఢం సేల్ ఎలాగో, టీ నగర్‌లో ఆడి తగ్గింపు అలాగ. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉండే ఆ నెలలోనే కాలేజీలూ తెరుస్తారు. యాపిల్ విద్యార్థుల ఆఫర్ కూడా ఏటా జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో నడుస్తుంది. మార్చిలో మోడల్ మారి, జూలైలో ఆఫర్ వస్తే, ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకు అదే సరైన సమయం. మార్చి పుకార్లను పట్టుకుని జనవరిలో కంగారు పడాల్సిన పని వాళ్లకు లేదు.

ర్యామ్ దగ్గర తిరగబడిన సూత్రం

రిచీ స్ట్రీట్‌లోనూ, పక్కనున్న నరసింగపురం వీధిలోనూ కంప్యూటర్ కొనే పద్ధతి ఒకటి ఏళ్లుగా స్థిరపడింది. తక్కువ ర్యామ్‌తో, అంటే తక్కువ మెమరీతో యంత్రం కొనడం, ఏడాది తర్వాత చవకయ్యాక ఇంకో ర్యామ్ వేయించుకోవడం. మెమరీ ధర ఎప్పుడూ దిగుతుందన్న నమ్మకం మీద నిలబడ్డ పద్ధతి ఇది.

2025 రెండో సగంలో ఆ నమ్మకం దెబ్బతింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లను ప్రధానంగా చేసేది మూడే సంస్థలు. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. ఒకే పరిమాణంలో మెమరీ తయారు చేయడానికి మామూలు కంప్యూటర్లలో వాడే డీడీఆర్5 ర్యామ్ కంటే హెచ్‌బీఎంకు దాదాపు మూడింతల సిలికాన్ పలక ఖర్చవుతుందని మైక్రాన్ చెప్పింది. ఫ్యాక్టరీ అంతే ఉండి, పలకలు అటు వెళ్తే, ల్యాప్‌టాప్‌లకు మిగిలేది తగ్గిపోతుంది. 2026 ఉత్పత్తి దాదాపు అంతా ముందే అమ్ముడైందని ఎస్‌కే హైనిక్స్ 2025 అక్టోబరులోనే ప్రకటించింది. డిసెంబరులో మైక్రాన్, మామూలు కొనుగోలుదారులకు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు చెప్పింది. చాలా ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోసిన బ్రాండ్ అది. కొన్ని నెలల్లోనే డీడీఆర్5 ర్యామ్ కిట్ల ధర ప్రపంచమంతటా రెట్టింపు దాటింది.

ఇది మ్యాక్‌కు రెండు రకాలుగా తగులుతుంది. మొదటిది, మ్యాక్‌లో ర్యామ్ చిప్ పక్కనే శాశ్వతంగా అతికి ఉంటుంది. తర్వాత పెంచుకోవడం అన్నదే లేదు. కొన్న రోజున ఎంతో, ఆఖరి రోజు దాకా అంతే. రెండోది కొంచెం ఊరటనిచ్చేది. 8 జీబీ నుంచి 16 జీబీకి, 16 నుంచి 24కు వెళ్లే ఒక్కో మెట్టుకు యాపిల్ ఇక్కడ 20,000 రూపాయలు తీసుకుంటూ వచ్చింది. బజారు ర్యామ్ ధరతో పోలిస్తే అది ఎప్పుడూ చాలా ఎక్కువే. అంత మార్జిన్ ఉన్న సంస్థ మెమరీ ధర పెరిగినా కొంతకాలం తట్టుకోగలదు. దీర్ఘకాల ఒప్పందాలతో కొనడం కూడా దానికి కలిసొస్తుంది. సన్నని లాభం మీద నడిచే విండోస్ ల్యాప్‌టాప్ కంపెనీలకు ఆ వెసులుబాటు లేదు. విడిగా ర్యామ్ అమ్మే ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2025 డిసెంబరులోనే ర్యామ్ ధరలు పెంచింది, చిన్న బోర్డు కంప్యూటర్లు చేసే రాస్ప్‌బెర్రీ పై కూడా పెంచింది.

2024 అక్టోబరులో యాపిల్ ధర పెంచకుండానే మ్యాక్‌ల కనీస మెమరీని 8 నుంచి 16 జీబీకి తెచ్చింది. ఎం4 మినీ పాత ఎం2 మినీ ధరకే, 59,900కే, రెట్టింపు మెమరీతో వచ్చింది. మెమరీ చవకగా ఉన్న రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. అలాంటి బహుమతి 2026లో మళ్లీ వస్తుందని ఆశించడం కష్టం. కనీస ధరను అలాగే ఉంచి పై మెట్ల ధర పెంచడం, లేదా తక్కువ స్టోరేజీ రకాన్ని తీసేసి ప్రారంభ ధరను పైకి జరపడం ఎక్కువ సాధ్యమనిపిస్తుంది. ఇప్పుడు అమ్మకంలో ఉన్న 16 జీబీ యంత్రాలు పాత ధరల రోజుల్లో లెక్క కట్టినవి. వాటిని పాతవని తీసిపారేయడానికి ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మోడళ్ల వారీగా అంచనా

ఎయిర్‌కు ఎం5 ఈ వసంతంలో రావచ్చు. ఆకారం మారకపోవచ్చు, ఎందుకంటే 2022లో వచ్చిన ప్రస్తుత రూపానికి ముందు పాత సన్నంచు రూపం 2008 నుంచి రకరకాల మార్పులతో నడిచింది. ఎం5 ప్రో, మ్యాక్స్ చిప్‌లతో పెద్ద మ్యాక్‌బుక్ ప్రోలు ఈ ఏడాది మొదటి సగంలోనే రావాలి. ఇంకా ఆలస్యమైతే ఎం6 వచ్చే కాలం దగ్గరపడి అవి రావడానికి అర్థముండదు. మినీ, స్టూడియో వాటి వెనకాలే నడుస్తాయి. ఐమ్యాక్ ఏ తరాన్నైనా దాటేయగలదని ఇప్పటికే నిరూపించింది.

ఐఫోన్ చిప్‌తో తక్కువ ధర మ్యాక్‌బుక్ ఒకటి వస్తుందన్న వార్త 2025 జూన్ నుంచి తిరుగుతోంది. సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఎం1 కూడా ఐఫోన్ చిప్ కుటుంబంలోంచే పుట్టింది. అమెరికాలో వాల్‌మార్ట్ 2024 మార్చి నుంచి పాత ఎం1 ఎయిర్‌ను 699 డాలర్లకు అమ్మడంతో ఆ ధరలో గిరాకీ ఉందని తేలిపోయింది. ఇక్కడ కూడా పండగ సేల్స్‌లో ఎం1 ఎయిర్ కోసం జనం ఎగబడ్డారు. ఆ ఖాళీని ఒక కొత్త యంత్రం నింపితే ఎయిర్ మీద ఒత్తిడి తగ్గుతుంది, ఎయిర్ ధర లక్ష పైకి జరగడానికి దారీ ఏర్పడుతుంది. ఓలెడ్ తెర, టచ్‌తో మ్యాక్‌బుక్ ప్రో అన్న వార్త మరింత దూరంది. ల్యాప్‌టాప్ తెరను తాకడం చేతులకు నొప్పి అని 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా చెప్పిన సంస్థ అది. అలాంటి మార్పుకు మొదటి తరంలో ధర ఎక్కువగానే ఉంటుంది.

ఎవరికి ఆగడం లాభం

రాత, చదువు, బ్రౌజింగ్, కోడింగ్ నేర్చుకోవడం లాంటి పనులకు ఎం4, ఎం5ల మధ్య రోజువారీ తేడా కనిపించేది తక్కువ. యంత్రం ఇప్పుడే అవసరమైతే మంచి ధర దొరికిన రోజున ఎం4 ఎయిర్ కొనడం సబబే. కాలేజీ జూలైలో అయితే జూలైకే చూసుకోవచ్చు, ఆలోపు కొత్తది వచ్చి ఉంటుంది. 20,000 చేతిలో అదనంగా ఉంటే కొత్త చిప్ కోసం ఆగడం కంటే మెమరీ పెంచుకోవడానికి పెట్టడం ఎక్కువ ఏళ్లు పనికొస్తుంది.

కోడంబాక్కం, సాలిగ్రామం చుట్టుపక్కల ఎడిటింగ్, డబ్బింగ్ గదుల్లో ఇప్పటికీ తెలుగు పని నడుస్తోంది. అక్కడ రోజుకు గంటల కొద్దీ రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని తుది ఫైలుగా మార్చే పని) ఉంటుంది. మిగిలే ప్రతి నిమిషం డబ్బే. ప్రో, మ్యాక్స్ చిప్‌లు వాడేవాళ్లకు తర్వాతి తరం రాబోతున్న సమయంలో రెండున్నర లక్షలు పెట్టడం తొందరపాటు. నడుస్తున్న ప్రాజెక్టు ఆగిపోయే పరిస్థితి ఉంటే తప్ప వాళ్లు ఆగడమే మంచిది. ఒకవేళ ధర పెరిగినా వేగంలో అది తిరిగొస్తుంది.

నిజమైన ప్రమాదం మాత్రం ఈ రెండు వర్గాలకు కాదు, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు. కంపెనీలు మార్చేసిన పాత మ్యాక్‌లు రిచీ స్ట్రీట్‌కు చేరుతుంటాయి. అందులో ఇంటెల్ చిప్‌వీ ఉంటాయి. ఇంటెల్ మ్యాక్‌లకు వచ్చే చివరి వెర్షన్ మ్యాక్‌ఓఎస్ తాహో అని యాపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది. అదీ 2019 నాటి 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో సహా నాలుగే ఇంటెల్ మోడళ్లకు. ఇంటెల్ చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ఒక్కటీ ఆ జాబితాలో లేదు. పాత వెర్షన్లకు భద్రతా అప్‌డేట్లు సుమారు రెండేళ్లు నడవడం ఆనవాయితీ, ఆ తర్వాత అవీ ఆగుతాయి. అమ్మకం ఆపిన ఏడేళ్లకు విడిభాగాల సరఫరా కూడా సాధారణంగా ముగుస్తుంది. దుకాణంలో యంత్రం ఆన్ చేసి, ఎడమ పక్క పైన యాపిల్ గుర్తు నొక్కి, ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరిస్తే చిప్ పేరు కనిపిస్తుంది. అక్కడ ఇంటెల్ అని ఉంటే, ధర ఎంత తక్కువ చెప్పినా, ఇంకో ఐదారు వేలు కలిపి ఎం1 ఉన్నది అడగాలి.